ముందు రెండు స్పీకర్లకు విడిగా యాంప్లిఫయర్ కావాలా, రిసీవర్ ఒక్కటే చాలునా?

కావలి శ్రోత:
పాటలకూ సినిమాలకూ ఒకే గది, ఒకే జత స్పీకర్లు వాడుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. నా ముందు స్పీకర్లు 4 ఓములవి (ఓములు తగ్గేకొద్దీ స్పీకర్ ఎక్కువ కరెంటు అడుగుతుంది), సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి వచ్చే శబ్దం, 85 డెసిబెల్స్. ఏడు ఛానెళ్ల రిసీవర్‌తో, అంటే ఏడు స్పీకర్లను నడిపే హోమ్ థియేటర్ పెట్టెతో, ఏడాది విన్నాను. డబ్బా మీద ‘ఛానెలుకు 100 వాట్లు’ అని ఉన్నా, ఆ లెక్క 8 ఓముల మీద, రెండు ఛానెళ్లే పనిచేస్తున్నప్పటిది. ఏడూ ఒక్కసారిగా అడిగితే ఉన్న ఒక్క ట్రాన్స్‌ఫార్మరే అందరికీ పంచాలి. అందుచేత ప్రీ-అవుట్ (బలపరచని సంకేతాన్ని రిసీవర్ బయటికిచ్చే రంధ్రం) నుంచి స్టీరియో యాంప్లిఫయర్‌కు వైరు వేసి, ముందు రెండింటినీ దానికి అప్పగించడమే సరైన పద్ధతి.

ఒంగోలు వాసి:
చాలా రిసీవర్లలో 4 ఓముల అమరిక ఉంటుంది. దాన్ని మార్చారా అండీ? సబ్‌ఊఫర్ (లోతైన శబ్దాల స్పీకర్) పెట్టుకుని, దానికి పోయే శబ్దాల హద్దు అయిన క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర ఉంచితే బరువైన పనంతా దానికే పోతుంది. ఇంకో పెట్టె కొనడం దండగ ఖర్చు.

కావలి శ్రోత:
మార్చాను. చాలా రిసీవర్లలో ఆ అమరిక లోపలి వోల్టేజి తగ్గించి వేడిని అదుపు చేస్తుందే తప్ప, స్పీకర్ అడిగే కరెంటును పుట్టించదు. నా స్పీకర్ల ఇంపిడెన్స్ (ఓముల్లో చెప్పే నిరోధం) అన్నిటికంటే తగ్గేది 170 హెర్ట్జ్ దగ్గర, 3.2 ఓములకు. అది 80కి పైన కనుక ఆ భారం సబ్‌ఊఫర్ మొయ్యదు.

ఒంగోలు వాసి:
కంపెనీవారు మాన్యువల్‌లో రాసి, వెనుక మీట కూడా పెట్టి ఇచ్చినదాన్ని పనికిరాదంటే ఎలా? ఆ అమరికలో 4 ఓముల స్పీకర్లు వాడవచ్చని వారే అంటున్నారు.

కందుకూరు:
మా వీధిలో వేసవి సాయంత్రాలు 190 వోల్టులే వస్తుంది. ముందు స్టెబిలైజర్ సంగతి చూసుకోండి.

చీమకుర్తి మాస్టారు:
లెక్క వేద్దాం. 85 డెసిబెల్స్ అన్నది 2.83 వోల్టులకు చెప్పిన మాటైతే, 4 ఓముల మీద అది 2 వాట్లు. అంటే ఒక మీటరు దూరంలో ఒక వాటుకు 82. పదకొండు అడుగుల దూరంలో కూర్చుంటే సుమారు 10 తగ్గి 72 అవుతుంది. సినిమాలో పేలుడు 95కు చేరాలంటే, గోడల సాయం లెక్కలోకి తీసుకోకపోతే, 200 వాట్ల దరిదాపుల్లో కావాలి. ప్రతి 3 డెసిబెల్స్‌కూ వాట్లు రెట్టింపవుతాయి కదా.

ఒంగోలు వాసి:
అయితే అంత వాల్యూమ్ పెట్టకుండా వింటే సరిపోతుంది. తప్పు యంత్రానిది కాదు, వాల్యూమ్ తిప్పిన చేతిది.

కావలి శ్రోత:
సరిగ్గా ఈ మాటే నాకు అమ్మిన దుకాణంవారూ అన్నారు. మా చెల్లెలి కూతురి పెళ్లి వీడియో ఇంటిల్లిపాదీ చూస్తుండగా, నాదస్వరం జోరందుకున్న చోట కుడివైపు శబ్దం మొద్దుబారింది. జాలీ తీసి చెవి ఆనించాను; ట్వీటర్‌లో (సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకర్) ఉలుకూ పలుకూ లేదు. యాంప్లిఫయర్ శక్తి చాలక తరంగం తల తెగినప్పుడు ట్వీటర్‌కు పోయే సగటు శక్తి పెరిగి కాయిల్ మాడుతుంది. వారంటీ ఇవ్వలేదు. వాల్యూమ్ తిప్పింది నేనే, ఒప్పుకుంటాను. కానీ ఆ స్పీకర్లనూ ఆ రిసీవర్‌నూ ఒకే బిల్లు మీద రాసినవారు ఒక్క మాట ముందే చెప్పి ఉండకూడదా? మీరూ కొన్నవాడిదే తప్పంటే, ఇక ఎవరిని అడగాలి?

ఒంగోలు వాసి:
మిమ్మల్ని నొప్పించాలని కాదు, క్షమించండి. అసలు సంగతి చెబుతాను. మీరన్న పద్ధతి నేనూ చేసి చూశాను. ఒకనాడు మా అమ్మ టీవీ పెట్టుకుంది. యాంప్లిఫయర్ వెయ్యాలని ఆమెకు తెలియదు. సెంటర్ స్పీకర్‌లో మాటలు వినిపించాయి గానీ పాటలో సంగీతం సగం మాయమైంది. తానే ఏదో పాడుచేశానని భయపడి, నేను వచ్చేవరకు టీవీ ముట్టుకోలేదు. మరునాడే ఆ పెట్టె తీసేశాను. అమ్మ ఒక్క రిమోట్‌తో వాడలేనిది మా ఇంట్లో నాకు వద్దు.

కావలి శ్రోత:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదండీ. దానికి స్టీరియో యాంప్లిఫయర్ వద్దు, రెండు ఛానెళ్ల పవర్ యాంప్లిఫయర్ తీసుకోండి. దానికి సాధారణంగా వాల్యూమ్ ఉండదు. రెండింటికీ 12 వోల్టుల ట్రిగర్ ఉంటే ఒక సన్నని వైరుతో రిసీవర్ వెలిగినప్పుడే అదీ వెలుగుతుంది. అమ్మగారికి ఒక్క రిమోటే.

ఒంగోలు వాసి:
ఇప్పుడే వెనుక టార్చి వేసి చూశాను, ట్రిగర్ రంధ్రం ఉంది. ధర కనుక్కుంటాను. 4 ఓముల అమరిక విషయంలో మాత్రం నా మాట మారలేదు.