బడి వదిలాక ఇంటి పని: పిల్లలకి మేలా, కీడా?

నార మిల్లు మనవడు (విజయనగరం):
నిన్న కోట దగ్గర టీ కొట్లో మొదలైన వాదన తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. అంతవరకూ బాగుంది. కానీ బడి వదిలాక, సెలవుల్లో, సొంత కుటుంబం నడుపుకునే వ్యాపారంలో ప్రమాదం లేని పనికి సాయం చేయొచ్చని ఒక వెసులుబాటు పెట్టారు. నా మటుకు నాకు అది పెద్ద తప్పు.

మా తాత పదకొండో ఏట ఒక జూట్ మిల్లులో దారం చుట్టుకునే బాబిన్లు మార్చే పనికి చేరాడు. అప్పటికి 1922 ఫ్యాక్టరీ చట్టం ఉంది. పన్నెండు నిండాలి, పదిహేను దాటనివాళ్ల చేత రోజుకి 6 గంటలకి మించి పని చేయించకూడదు. డాక్టరు నోరు తెరవమని పళ్లు చూసి ‘పన్నెండు’ అని రాసేశాడట. ఆ మిషన్ల హోరుకి చెవులు పోయాయి. ఇంట్లో కూడా అరిచే మాట్లాడేవాడు. గోనె సంచుల మీద అచ్చేసిన అక్షరాలు జన్మంతా చూశాడు, చివరిదాకా వేలిముద్రే వేశాడు.

ఈ ‘సగం పని, సగం చదువు’ కొత్తదేం కాదు. బెంగాల్ నార ఓడలెక్కి వెళ్లిన స్కాట్లండ్ ఊరు డండీలో, లాంకషైర్ నూలు మిల్లుల్లో అలాంటి పిల్లల్ని హాఫ్‌టైమర్లు అనేవారు. 1844 చట్టం ప్రకారం 8 నుంచి 13 ఏళ్ల పిల్లలు రోజుకి ఆరున్నర గంటలు మిల్లులో, 3 గంటలు బడిలో. బడికి వచ్చి బల్ల మీద తల వాల్చి నిద్రపోయేవారు. దాన్ని పూర్తిగా ఎత్తేయడానికి 1918 చట్టాలు రావాల్సివచ్చింది. తల్లిదండ్రులే చాలామంది వద్దన్నారు, ఆ నాలుగు డబ్బులూ పోతాయని. వాళ్లని నేను తప్పు పట్టను. కానీ పిల్లాడి నిద్రని ఇంటి ఖర్చులో జమ వేసుకునే దారి చట్టమే చూపించకూడదు.

పొందూరు ఆడపడుచు:
తమ్ముడూ, మీ తాతగారి కథ చదివి మనసు కలుక్కుమంది. కానీ మిల్లునీ ఇంటినీ ఒకే గాటన కట్టకండి. మా ఊళ్లో ఖద్దరుకి పత్తి ఎలా ఏకుతారో చూశారా? వాలుగ చేప దవడ ఎముక తీసుకుంటారు. దాని పళ్లు దువ్వెన పళ్లకంటే సన్నం. దూది మీద ఎంత నొక్కాలో, ఎక్కడ వదిలేయాలో చేతికే తెలియాలి, నోటితో చెప్తే రాదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మ తన చెయ్యి నా చేతి మీద వేసి నేర్పింది. పద్నాలుగు నిండాక నేర్చుకోమంటే ఎవరు కూర్చుంటారు? ఇప్పటికే వడికేవాళ్లంతా ముసలాళ్లు. బడి అయ్యాక గంటసేపు అమ్మ పక్కన కూర్చోవడం నేరమైతే ఈ విద్య మాతోనే పోతుంది.

బడి మేష్టారు (చీపురుపల్లి):
ఇద్దరి మాటా విన్నాను. ఇరవై ఏళ్లకి పైగా హాజరు పట్టీ రాస్తున్నవాడిగా ఒకటి చెప్తాను. పిల్లల్ని బడికి తెచ్చింది చట్టం కంటే అన్నం. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టాల్సిందేనంది, మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. అంతకు ముందు మధ్యాహ్నం ఇంటికి అంబలి తాగడానికి పోయిన గుంటలు సగంమంది తిరిగొచ్చేవారు కాదు. ఇంటి దగ్గర ఏదో ఒక పని పట్టుకునేది.

ఇంకోటి. వరి ఊడ్పుల రోజుల్లో ఆడపిల్లల వరస ఖాళీ అయిపోతుంది. వాళ్లు పొలానికి పోరు, చంటి తమ్ముణ్ని ఎత్తుకుని ఇంట్లో ఉంటారు. దానికి కూలీ లేదు, ఏ ఇనస్పెక్టరూ రాడు. మీ చర్చలో ఆ పిల్ల ఎక్కడుంది బాబూ?

కాశీబుగ్గ కుర్రోడు:
అక్కా, మీ ఇంట్లో ఎముక మీదే, దూది మీదే. మా వీధిలో అలా కాదు. జీడిపిక్కల బస్తా షావుకారుది, కొట్టినందుకు కిలోకి ఇంతని లెక్క కూడా షావుకారుదే. మాది గుమ్మం మాత్రమే. పలాస జీడిపప్పు అంటే అందరికీ ముద్దే. పిక్క పగిలితే కారే జీడి తగిలి చర్మం పొక్కి ఊడుతుంది, బూడిద రాసుకుని మళ్లీ కూర్చోవాలి. ఏడో తరగతిలో నా వేళ్లు నల్లగా ఉండేవి, నోట్‌బుక్‌కి అంటుకుంటాయని దాచుకునేవాణ్ని. ఇది ‘కుటుంబ వ్యాపారం’ ఎలా అవుతుంది? ఫ్యాక్టరీ మా అరుగు మీదికి వచ్చిందంతే.

నార మిల్లు మనవడు:
నేను అనాల్సిన మాట ఈ తమ్ముడు అన్నాడు. మిల్లుకి గేటుంది, గేటు దగ్గర రిజిస్టరుంది. తప్పుడు వయసు రాసినా, రాసిన కాగితం ఒకటి మిగిలింది. ఇంట్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా పిల్లాడు ఏం చేశాడో ఎవరు రాస్తారు? మేష్టారూ, ఆ ఆడపిల్ల సంగతి నాకు తట్టలేదు, నిజం. ఊడ్పులప్పుడు అంగన్‌వాడీ పొద్దుపోయేదాకా తెరిచి ఉంచితే ఆ పిల్ల బడికి వస్తుంది కదా. పొందూరు అక్కా, విద్య పోకూడదు, ఒప్పుకుంటాను. మీ విద్యని బడిలోనే ఒక పీరియడ్‌గా పెట్టి, నేర్పే అమ్మకి జీతం ఇమ్మని అడుగుదాం. మీ ఇంట్లో పత్తి దగ్గర కూర్చున్నవాళ్లందరూ మీలాగే చదువుకున్నారా?

పొందూరు ఆడపడుచు:
లేదు తమ్ముడూ. మా అక్క నాకంటే బాగా వడికేది. అందుకే ఏడో తరగతిలో మాన్పించారు. నా టెన్త్ ఫీజు ఆ నూలు డబ్బుతోనే కట్టారు. ఈ రాత్రి మీ ప్రశ్న అక్కకి ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మన పాపని ఆదివారాలే కూర్చోబెట్టు” అంది.