అప్‌డేట్: ముడసర్లోవ గోల్ఫ్ విల్లానా, చెరువు పక్క ఫ్లాటా? తేలిపోయింది

విశాఖలో ముడసర్లోవ గోల్ఫ్ కోర్సు వైపు విల్లా కొనాలా, మధురవాడ దగ్గర చెరువు ఒడ్డున గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ కొనాలా అని అడిగాను కదా. ఫ్లాటే తీసుకున్నాం. పోయిన వారం రిజిస్ట్రేషన్ అయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

మమ్మల్ని కాపాడింది ఒకే మాట: "అడ్వాన్స్ ఇచ్చేముందు సర్వే నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందేమో చూడండి". విల్లా స్థలం అడవివరం పరిధిలోది. ఐదు ఊళ్ల భూములు దేవస్థానానివా, అక్కడివాళ్లవా అన్న సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూవివాదంలో అడవివరం కూడా ఉంది. లాయరుగారు చూస్తే ఆ సర్వే నంబరులో కొంత భాగం నిషేధిత జాబితాలోనే ఉందట, రిజిస్ట్రేషన్ జరగదన్నారు. అమ్మేవాళ్లు ఈ ముక్క ఒక్కసారి కూడా చెప్పలేదు. అమ్మానాన్నల రిటైర్‌మెంట్ డబ్బు అందులో పోసేవాళ్లం. తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

ఇక మేం కొన్న ఫ్లాట్ పక్క చెరువు పది హెక్టార్ల లోపుది, అంటే ఒడ్డు నుంచి 9 మీటర్ల బఫర్ (ఏమీ కట్టకుండా వదిలే ఖాళీ జాగా) వదలాలి. మంజూరైన ప్లాన్‌లో ఉంది, టేపుతో కొలిచి కూడా చూశాం. పెద్ద వాన పడిన మర్నాడు వెళ్తే సెల్లార్ పొడిగానే ఉంది.

క్లబ్‌హౌస్, గోల్ఫ్ వ్యూ గురించి అంత చర్చించాం కానీ, నిర్ణయంలో వాటి పాత్ర ఏమీ లేదు. క్లబ్ మెంబర్‌షిప్ ఇంటితో రాదని, విడిగా తీసుకోవాలని తర్వాత తెలిసింది.