చిన్ననాటి నుంచి రికార్డుల్లో విన్న లియా సలోంగాను కచేరీలో చూడబోతున్నాను: ఏమి ఆశించాలి?

కువైట్_బాల్యం (ప్రశ్న)

నమస్కారం. లియా సలోంగా కచేరీకి మా అమ్మకూ నాకూ టికెట్లు తీసుకున్నాను. ఆమె వేషం కట్టి నటించే నాటకం కాదు ఇది. వాద్యబృందాన్ని వెనుక పెట్టుకుని, తాను ఎంచుకున్న పాటలను తానుగా నిలబడి పాడే కార్యక్రమం. చిన్నతనం నుంచి రికార్డుల్లోనే విన్న గొంతును మొదటిసారి ఎదురుగా వినబోతున్నాను కనుక, ఇలాంటి కచేరీల అనుభవం ఉన్నవారి మాట వినాలని రాస్తున్నాను.

ఆమె పేరు వినని వారి కోసం కొంత చెప్పాలి. లియా సలోంగా 1971లో మనీలాలో పుట్టారు. ఏడేళ్ల వయసులోనే అక్కడి రెపర్టరీ ఫిలిప్పీన్స్ నాటక సంస్థలో రంగస్థలం ఎక్కారు. 1989 సెప్టెంబరులో లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్‌లో ‘మిస్ సైగాన్’ అనే సంగీత నాటకం మొదలైనప్పుడు కథానాయిక కిమ్ పాత్ర ధరించిన ఆమెకు 18 ఏళ్లు. ఆ పాత్రకే లండన్‌లో ఆలివియర్ పురస్కారం, 1991లో న్యూయార్క్‌లో టోనీ పురస్కారం అందుకున్నారు. నాటకాలు చూడని వారు కూడా ఆమె గొంతు వినే ఉంటారు, ఎందుకంటే డిస్నీ ‘అలాదీన్’లో జాస్మిన్ పాటలూ ‘ములాన్’లో ములాన్ పాటలూ పాడింది ఆమే.

మా ఇంటికి ఆమె పాట వచ్చింది కువైట్ దారిన. తొంభైల్లో మా అమ్మ అక్కడ ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేది. మన గోదావరి జిల్లాల వారూ, కడప వారూ, కేరళ వారూ, ఫిలిప్పీన్స్ వారూ ఒకే భవనంలో కాపురాలు ఉండేవారు. మా పక్క వాటాలో ఉన్న ఫిలిప్పీన్స్ ఆంటీ సెలవు రోజున వంట చేసుకుంటూ ‘మిస్ సైగాన్’ క్యాసెట్ పెట్టేది, మనీలా అమ్మాయి లండన్ వాళ్లను లేచి నిలబడి చప్పట్లు కొట్టేలా చేసిందని వచ్చినవారందరికీ చెప్పేది. ఆంగ్లం సరిగా రాని వయసులోనే ఆ పాటలు నాకు నోటికి వచ్చేశాయి. మా అమ్మకు ఆ మాటలు ఇప్పటికీ సగమే అర్థమవుతాయి, అయినా వరుస ఎత్తుకుంటే చివరిదాకా కూనిరాగం తీస్తుంది.

నాకు రెండు సందేహాలు ఉన్నాయి. ఈ కచేరీల్లో పాటలను నాటకంలో ఉన్నట్టే పాడతారా, లేక మార్చి పాడతారా? ముప్పై ఏళ్లకు పైగా నా చెవిలో ఉన్నది పద్దెనిమిదేళ్ల అమ్మాయి గొంతు. ఇప్పటి గొంతును న్యాయంగా వినాలంటే నేను ముందుగా ఏమి వినాలి?

లండన్_ప్రేక్షకుడు

ముందుగా అభినందనలు. నేను 2023 చివర్లో లండన్‌లోని గీల్‌గుడ్ థియేటర్‌లో ‘ఓల్డ్ ఫ్రెండ్స్’ చూశాను. అమెరికన్ రంగస్థల సంగీతకర్త స్టీఫెన్ సోండ్‌హైమ్ పాటలతో కూర్చిన ఆ ప్రదర్శనలో లియా సలోంగా, బెర్నడెట్ పీటర్స్ ప్రధాన గాయనులు. ఒకే కథ అంటూ లేకుండా పాటల వెంట పాటలు సాగిన ప్రదర్శన కనుక, మీరు చూడబోయే దానికి అది చాలా దగ్గరగా ఉంటుంది.

అక్కడ నేను గమనించిన విషయం ఒకటి మీకు ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను. నాటకంలో ఒక పాట వచ్చేసరికి దానికి ముందు గంటసేపు జరిగిన కథ ప్రేక్షకుడి మనసులో ఉంటుంది. పాత్ర ఎందుకు ఏడుస్తోందో ఎవరూ వేరే చెప్పనక్కరలేదు. కచేరీలో ఆ ఆసరా ఉండదు. రెండు మూడు నిమిషాల్లో పాత్రను నిలబెట్టి, పాట ముగిసి చప్పట్లు ఆగేలోగా దానినుంచి బయటికి వచ్చి, మరో పాత్రలోకి వెళ్లాలి. అమాయకురాలైన కిమ్‌గా ప్రపంచానికి పరిచయమైన ఆమె, ఆ రాత్రి ‘స్వీనీ టాడ్’ నాటకంలో హంతకుడికి తోడుగా నిలిచే గడుసు మనిషి మిసెస్ లవెట్‌గా హాస్యం పండించడం చూసి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఆ పాత్రను ఆమె 2019లోనే మనీలాలో పూర్తి నాటకంగా చేశారని తర్వాత తెలిసింది.

ముందుగా ఏమి వినాలని అడిగారు కదా, ఫ్రాన్స్ నేపథ్యంలో సాగే సంగీత నాటకం ‘లే మిజరాబ్ల్’ కచేరీ రికార్డింగులు రెండూ వరుసగా చూడండి. 1995లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో జరిగిన పదో వార్షికోత్సవంలో ఆమె ఎపొనీన్. ప్రేమించినవాడి మనసులో తనకు చోటు లేదని తెలిసిన పేదింటి పిల్ల. 2010లో ఓ2 వేదికపై జరిగిన ఇరవై అయిదో వార్షికోత్సవంలో ఆమె ఫాంటీన్. బిడ్డ కోసం సర్వం అమ్ముకున్న తల్లి. మధ్య దూరం పదిహేనేళ్లు, వేదికల తీరు మాత్రం ఒకటే: నటులు వేషాలతోనే మైకుల ముందు నిలబడతారు, వెనుక పెద్ద వాద్యబృందం ఉంటుంది. 1995లో ఆ గొంతు ముందుకు దూకుతుంది. 2010లో అదే గొంతు ఎక్కడ ఆగాలో తెలిసి ఆగుతుంది. ఆ తేడాను ముందే పట్టుకుంటే ఇప్పటి గొంతు మీకు కొత్తగా అనిపించదు.

స్వరసాధన

నేను కర్ణాటక సంగీతం నేర్పుతాను, పాశ్చాత్య రంగస్థల గానాన్ని ఇష్టంగా వింటాను. గొంతు గురించిన సందేహానికి కొంత వివరంగా జవాబు చెబుతాను.

వయసుతో స్త్రీ కంఠం సాధారణంగా కొంత కిందికి దిగుతుంది, మంద్రంలో, అంటే కింది స్వరాల్లో నిండుదనం పెరుగుతుంది, తారస్థాయిని, అంటే పై స్వరాలను ఎక్కువసేపు నిలపడానికి ముందుకన్నా శ్రమ అవసరమవుతుంది. అందుకే గాయనులు తమ పాత పాటలను అర మెట్టో, ఒక మెట్టో శ్రుతి తగ్గించి పాడటం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. మన విద్వాంసులు కూడా వయసు పెరిగేకొద్దీ శ్రుతి తగ్గించుకుంటారు, దాన్ని ఎవరూ లోపంగా చూడరు. నాటకంలో మాత్రం ఈ వెసులుబాటు తక్కువ. ఒక పాత్ర పాట ఇంకొక పాత్ర పాటతో ముడిపడి ఉంటుంది, బృందగానం దాని మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి శ్రుతి మార్చాలంటే మొత్తం కట్టడాన్ని కదపాలి. కచేరీలో గాయని తన కంఠానికి తగిన శ్రుతినీ వేగాన్నీ తానే నిర్ణయించుకుంటుంది. అదే ఈ ప్రక్రియలో నాకు నచ్చే అంశం.

ఇంకొక సంగతి కూడా తెలిసి ఉండాలి. న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్వేలోనూ లండన్‌లోనూ నటులు వారానికి ఎనిమిది ప్రదర్శనలు ఇవ్వడం ఆనవాయితీ. కిమ్ పాత్ర దాదాపు నాటకమంతా వేదికపైనే ఉండి, బలమైన తారస్థాయి పాటలు పాడవలసిన పాత్ర కనుక, మొదటి నుంచీ ఆ పాత్రకు వారంలో కొన్ని ప్రదర్శనలు చేయడానికి మరొక నటిని పెట్టేవారు. పద్దెనిమిదేళ్ల కంఠానికి కూడా అది అంత భారమైన పని. అంతటి భారం మోసిన కంఠం దశాబ్దాల తర్వాత కూడా స్పష్టంగా, శ్రుతిశుద్ధంగా నిలిచిందంటే అందులో సహజమైన వరం కన్నా క్రమశిక్షణ పాలు ఎక్కువని నా అభిప్రాయం.

కచేరీలో ఆమె ఉచ్చారణను గమనించండి. ప్రతి మాట చివరి హల్లు దాకా వినిపిస్తుంది. రంగస్థలం మీద పెరిగిన గాయనికీ, రికార్డింగు గదిలో పెరిగిన గాయనికీ నాకు మొదట తెలిసే తేడా అదే.

రంగస్థల_విద్యార్థి

పైన చెప్పినవన్నీ అంగీకరిస్తూనే, ఒక విషయాన్ని చేర్చకుండా ఉండలేకపోతున్నాను. ‘మిస్ సైగాన్’ను మనం కేవలం ఆప్యాయతతో గుర్తు చేసుకుంటే కథ సగమే చెప్పినట్టు అవుతుంది. ఇటలీ సంగీతకర్త పుచ్చీనీ ఒపెరా ‘మదామా బటర్‌ఫ్లై’ కథను వియత్నాం యుద్ధానికి మార్చి రాసిన ఆ నాటకంలో ఆసియా స్త్రీ అమెరికన్ సైనికుడి కోసం ఎదురుచూసి, చివరికి బిడ్డ భవిష్యత్తు కోసం ప్రాణం తీసుకుంటుంది. ఈ చిత్రణ మీద ఆసియా మూలాల రచయితలూ నటులూ ఏళ్ల తరబడి అభ్యంతరం చెబుతూ వచ్చారు. పైగా, ‘ఇంజినీర్’ అని పిలిచే ఫ్రెంచి-వియత్నామీస్ పాత్రను శ్వేతజాతి నటుడు జోనథన్ ప్రైస్ ధరించడంపై 1990లో అమెరికా నటుల సంఘం మొదట అనుమతి నిరాకరించి, నిర్మాత కామెరన్ మాకింటాష్ ప్రదర్శననే రద్దు చేస్తానన్నాక వెనక్కి తగ్గింది. ఆ నాటకం వల్ల ఎందరో ఆసియా నటులకు పని దొరికింది, ఆ నాటకమే వారిని ఒక మూసలో పెట్టింది. ఈ రెండూ నిజాలే.

ఈ నేపథ్యంలోనే లియా సలోంగా తర్వాతి ప్రయాణం నాకు గొప్పగా కనిపిస్తుంది. 1993లో బ్రాడ్వేలో ఎపొనీన్ పాత్ర ధరించిన తొలి ఆసియా నటి ఆమె. ఎపొనీన్ ఫ్రెంచి పిల్ల. ఆ పాత్రకు ఆసియా ముఖం ఎందుకని అడిగే వీలు లేనంత బాగా పాడి ఆ తలుపు తెరిచారు. 2015లో ‘అలీజియన్స్’లో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిర్బంధ శిబిరాలకు తరలించిన జపనీస్ అమెరికన్ కుటుంబం కథ చెప్పారు. 2023లో ‘హియర్ లైస్ లవ్’ బ్రాడ్వేకు వచ్చినప్పుడు తారాగణమంతా ఫిలిప్పీన్స్ మూలాల వారే. అందులో నటించడమే కాక నిర్మాతల్లో ఒకరుగా నిలిచారు. కచేరీలో కిమ్ పాట వచ్చినప్పుడు మీకు కువైట్ వంటగది గుర్తుకు రావడం సహజం, కానీ ఆ పాట పాడుతున్న మనిషి ఆ పాత్ర గీసిన గీతను ఎంత దూరం దాటి వచ్చిందో కూడా గుర్తుంచుకోమని నా కోరిక.

కువైట్_బాల్యం

మీరు చెప్పిన అభ్యంతరాలు నేను పెద్దయ్యాక చదివాను, వాటిని కాదనను. అయితే మా పక్కింటి ఆంటీకి ఆ క్యాసెట్ ఇచ్చిన ధైర్యం కూడా నేను కళ్లారా చూశాను. తన బిడ్డలను మనీలాలో తల్లి దగ్గర వదిలి వచ్చిన మనిషి ఆమె. బిడ్డకు దూరమయ్యే తల్లి పాట ఆ ఇంట్లో ఎలా వినిపించేదో, ఆ నాటకంలోని లోపాల జాబితా పూర్తిగా చెప్పలేదని నాకు అనిపిస్తుంది. స్వరసాధన గారూ, శ్రుతి గురించి మీరు రాసినది నాకు నిజంగా భయం తీర్చింది. మా అమ్మ విషయంలో ఇంకెవరైనా సలహా ఇవ్వగలరా? మాటలు అర్థం కాక విసుగు చెందుతుందేమోనని నా బెంగ.

తెనాలి_పెద్దాయన

అమ్మాయీ, నాకు బ్రాడ్వే తెలియదు. కానీ వేషంలో ఆరాధించిన నటుడిని వేషం లేకుండా వినడం అంటే ఏమిటో తెలుసు, కనుక రాస్తున్నాను.

మేము పద్యనాటకాల మీద పెరిగాము. తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాల్లో రాయబారం పద్యాలు ముందు గ్రామఫోను ప్లేట్లలోనూ, పెళ్లిపందిళ్ల మైకుల్లోనూ విని, ఆ తర్వాతే వేదిక మీద చూసేవాళ్లం. మీ కిమ్ పాత్రకు ఇద్దరు నటీమణులు అని చదివినప్పుడు నాకు వింత అనిపించలేదు. మా కాంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వేర్వేరు నటులు వచ్చేవారు. తెల్లవార్లూ సాగే నాటకంలో ఒక్క గొంతు అన్ని పద్యాలూ మోయలేదు. పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అనేవారు, చచ్చిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పాడిన రోజులు ఉన్నాయి. కథను ఆపి మరీ గొంతును వినాలన్న ఆ కోరికే మీ కచేరీలకు కూడా మూలమని నేను అనుకుంటాను.

నేను కుర్రతనంలో ఆరాధించిన ఒక కృష్ణపాత్రధారిని, ఆయన వేషాలు మానేసిన చాలా ఏళ్లకు, ఒక సన్మాన సభలో చూశాను. కిరీటం లేదు, నీలి రంగు లేదు, తెల్ల పంచె, భుజాన శాలువా. హార్మోనియం మీద శ్రుతి చూసుకుని ఒక పద్యం ఎత్తుకున్నారు. రాగం మునుపటిలా సాగదీయలేదు. ఊపిరి చాలదని ముందు అనుకున్నాను. రెండో పాదానికి వచ్చేసరికి, పద్యంలో ఉన్న మాటల అర్థం ఇన్నేళ్లకు నాకు సరిగా వినిపిస్తోందని తెలిసింది. పడుచుతనంలో మేము రాగానికి చప్పట్లు కొట్టాము, ఆ రోజు మాటకు కొట్టాము.

మీ అమ్మగారి సంగతి. పద్యం కంఠతా వచ్చి అర్థం తెలియని శ్రోతలు మా కాలంలో వేలమంది ఉండేవారు, వారెవరూ విసుగు చెందలేదు, ఎందుకంటే ఇంటి పెద్దవాళ్లు ముందే కథ చెప్పేవారు. మీరూ అదే చేయండి. కచేరీకి ముందు వారం రోజులు, రోజుకు ఒక పాట చొప్పున, ఆ పాట ఏ నాటకంలో ఎవరు ఎవరితో ఏ కష్టంలో పాడేదో అమ్మగారికి తెలుగులో చెప్పండి. తల్లి పాటలు ముందు చెప్పండి, నర్సుగా ఊరుగాని ఊళ్లో పిల్లల్ని పెంచిన మనిషికి అవి త్వరగా అందుతాయి. హాలులో సీటు నడవా పక్కన ఉంటే ఆమెను అటువైపు కూర్చోబెట్టండి, ముందువారి తలలు అడ్డం రాకుండా పాడేవారి ముఖం కనపడుతుంది. ఆ ఫిలిప్పీన్స్ ఆంటీ చిరునామా ఇంకా మీ దగ్గర ఉంటే, కచేరీ కాగానే ఆమెకు ఫోన్ చేయించండి.