కెమెరా మేలుకునేలోపు పిట్ట ఎగిరిపోతోంది, ఫర్మ్‌వేర్ మారిస్తే ఫలితం ఉంటుందా?

లకుముకి:

నా దగ్గర ఉన్నది ఆరేళ్ల నాటి మిర్రర్‌లెస్ కెమెరా. ఫొటోలు బాగా వస్తాయి, ఫోకస్ విషయంలోనూ పేచీ లేదు. బాధంతా స్విచ్ వేశాక అది కళ్లు తెరవడానికి పట్టే సమయంతోనే.

నిన్న ఉదయం జరిగింది చెబుతాను. నీటి పక్కన ఎండిన కొమ్మ మీద లకుముకి పిట్ట వచ్చి వాలింది. కెమెరా ఎత్తాను, స్విచ్ తిప్పాను, వ్యూఫైండర్‌కు కన్ను ఆనించాను. నలుపు. ఇంకా నలుపు. తర్వాత తయారీ సంస్థ గుర్తు ప్రత్యక్షమైంది. మళ్లీ నలుపు. చివరికి దృశ్యం కనిపించేసరికి కొమ్మ మాత్రం ఊగుతోంది. ఇలా ఊగే ఖాళీ కొమ్మల ఫొటోలు నా దగ్గర నలభై దాకా ఉన్నాయి. ఎవరికైనా పనికొస్తాయంటే ఉచితంగా ఇస్తాను.

సంస్థ వెబ్‌సైటులో చూస్తే నా కెమెరాలో ఉన్న ఫర్మ్‌వేర్ (అంటే దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) తర్వాత మూడు వెర్షన్లు వచ్చాయి. వాటిలో ఒకదాని వివరాల్లో ‘కెమెరా ఆన్ అయ్యే సమయాన్ని తగ్గించాం’ అని ఒకే ఒక్క వాక్యం ఉంది. ఎంత తగ్గించారో రాయలేదు. అసలు ఫర్మ్‌వేర్ మార్చినంత మాత్రాన లోపలి ప్రాసెసర్ వేగం పెరగదు కదా, మరి సమయం ఎక్కడి నుంచి తగ్గుతుంది? ఇంకొక సంగతి, కొన్న కొత్తలో ఇది ఇంత మందకొడిగా ఉన్నట్టు నాకు గుర్తు లేదు. అది నా భ్రమా? అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే కెమెరా పూర్తిగా చచ్చిపోతుందని విన్నాను, ఆ భయం వేరే ఉంది.

చీకటిగది:

నేను నా చిన్న కెమెరాకు ఇదే ఆశతో అప్‌డేట్ చేశాను. స్విచ్ వేయగానే లెన్స్ మూడు అంచెలుగా బయటికి పొడుచుకువచ్చే రకం. వివరాల్లో ‘వేగం మెరుగుపరిచాం’ అనే ఉంది. నాకైతే తేడా ఏమీ తెలియలేదు. లెన్స్ ఎప్పటిలాగే గుర్రుమంటూ తీరిగ్గా బయటికి వస్తోంది. మీ డబ్బేమీ పోదు కాబట్టి ప్రయత్నించండి, కానీ ఆశలు పెద్దగా పెట్టుకోకండి.

నిదానం:

చీకటిగది గారు చెప్పింది వారి కెమెరాకు నూటికి నూరుపాళ్లూ నిజం. మోటారు తిరగడానికి పట్టే సమయాన్ని సాఫ్ట్‌వేర్ పెద్దగా తగ్గించలేదు. లకుముకి గారిది వేరే కథ.

నేను కెమెరా సంస్థల్లో పనిచేయలేదు. కానీ 12 ఏళ్లుగా నా బతుకుతెరువు చిన్న చిన్న పరికరాల లోపల ఉండే సాఫ్ట్‌వేర్ రాయడమే. ‘ఆన్ అయ్యే సమయాన్ని తగ్గించాం’ అనే వాక్యాన్ని నేనూ రెండుసార్లు రాశాను. అలాంటి వాక్యం వెనుక కొన్ని వారాల పని, కొంత సిగ్గు ఉంటాయి. సిగ్గు ఎందుకో చెబుతాను.

స్విచ్ వేశాక కెమెరా గడిపే సమయంలో లెక్కలు చేసేది తక్కువ, ఎదురుచూసేది ఎక్కువ. ఫ్లాష్ మెమరీలో ఉన్న ఫర్మ్‌వేర్‌ను ర్యామ్‌లోకి తెచ్చుకోవాలి. సెన్సర్‌కు విద్యుత్తు ఇచ్చి అది కుదుటపడేదాకా ఆగాలి. లెన్స్‌ను పలకరించాలి. అది తానెవరో, తన ఎపర్చర్ (వెలుతురు వచ్చే కన్నం) ఎంత నుంచి ఎంతవరకో చెప్పి, లోపలి ఫోకస్ గాజులను మొదటి స్థానానికి జరుపుకోవాలి. దుమ్ము రాలేలా సెన్సర్‌ను ఒకసారి వణికించాలి. మెమరీ కార్డును తెరిచి చదవాలి. వ్యూఫైండర్ తెరను వెలిగించాలి. మొదటి వెర్షన్ రాసేటప్పుడు మేము వీటిని ఒకదాని వెనుక ఒకటి వరుసగా నిలబెడతాం. అలా అయితే ఏదైనా చెడినప్పుడు ఎక్కడ చెడిందో వెంటనే తెలుస్తుంది. ఈలోగా విడుదల తేదీ ముంచుకొస్తుంది, ఆ వరుస అలాగే జనంలోకి వెళ్లిపోతుంది.

తర్వాత తీరిక దొరికిన రోజున ఎవరో ఒకరికి అనుమానం వస్తుంది. లెన్స్ తన గాజులు సర్దుకుంటున్నంతసేపూ కార్డు ఎందుకు ఖాళీగా కూర్చోవాలి? దుమ్ము దులిపే పని స్విచ్ ఆపేటప్పుడు చేస్తే సరిపోదా? కార్డులో ఎన్ని ఫొటోలకు చోటుందో తేలేదాకా షటర్‌ను పనిచేయనివ్వకపోవడం దేనికి? ఒక ఉదాహరణ నాదే. ఒక పరికరంలో ఓ చిప్ సిద్ధమయ్యేదాకా ఆగాలని 500 మిల్లీసెకన్ల విరామం పెట్టాను. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? నా భయం నుంచి. ఏడాది తర్వాత కొలిస్తే ఆ చిప్ 20 మిల్లీసెకన్లకే సిద్ధమై కూర్చుంటోంది. ఆ ఏడాదంతా ఆ పరికరం వాడిన ప్రతి ఒక్కరూ నా భయం కోసం రోజూ అర సెకను ఆగారు. ప్రాసెసర్ మారకుండానే వేగం పెరగడమంటే ఇదే.

కెమెరాల్లో ఇది కొత్త సంగతేమీ కాదు. సోనీ 2013లో తెచ్చిన ఎ7, ఎ7ఆర్ కెమెరాలకు 2014లో వచ్చిన ఫర్మ్‌వేర్ వివరాల్లో ఆన్ అయ్యే సమయం తగ్గించిన మాట ఉంది. అయితే లోపల అద్దం ఉండే పాత ఎస్ఎల్ఆర్ కెమెరాతో మాత్రం పోల్చుకోకండి. 2007లో వచ్చిన నికాన్ డి3కి ఆ సంస్థ చెప్పిన లెక్క 0.12 సెకన్లు. అందులో కన్ను చూసేది అద్దం మీదుగా వచ్చే వెలుతురునే కాబట్టి, స్విచ్ వేయకపోయినా దృశ్యం కనిపిస్తుంది. మన మిర్రర్‌లెస్‌లో సెన్సర్ మేలుకోవాలి, అది చూసినదాన్ని తెరకు పంపాలి, ఆ తర్వాతే మనకు పిట్ట.

ఇక మీ భ్రమ సంగతి. అది భ్రమ కాకపోవచ్చు. నా అనుమానం కార్డు మీద. అది 32 జీబీదా? అయితే అందులో ఫైళ్లను సర్దేది ఫ్యాట్32 అనే పద్ధతి. కార్డును 32 కేబీ ముక్కలుగా విడగొడితే పది లక్షల పైచిలుకు ముక్కలవుతాయి. ఏ ముక్క ఎవరిదో రాసుకునే పట్టికలో ఒక్కోదానికి 4 బైట్లు, అంటే పట్టికే 4 ఎంబీ. ఖాళీ ముక్కలెన్నో ఒక చోట రాసి ఉంటుంది గానీ, ఆ అంకెను నమ్మని ఫర్మ్‌వేర్ పట్టిక మొత్తం చదివి తానే లెక్కపెట్టుకుంటుంది. 64 జీబీ కార్డుల్లో ఉండే ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతిలో ఒక్కో ముక్కకు ఒక్క బిట్ చాలు. 128 కేబీ ముక్కలైతే ఆ లెక్కంతా 64 కేబీలో ఇమిడిపోతుంది. పెద్ద కార్డుకు చిన్న పట్టిక, వింతగా లేదూ?

దీనికి తోడు కెమెరా ఫొటోలు దాచే డీసీఐఎం ఫోల్డర్. కొత్త ఫొటోకు ఏ సంఖ్య ఇవ్వాలో తేల్చుకోవడానికి కెమెరా అందులోని ఫైళ్లను చూసుకోవాలి. వందల ఫైళ్లయితే చిటికెలో పని. వేలకు చేరితే చిటికెలు లెక్కపెట్టుకోవాలి. కొన్న కొత్తలో మీ కార్డు ఖాళీగా ఉండేది కదా!

కాబట్టి ముందు కొలవండి, తర్వాత మార్చండి. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే చాలు. స్విచ్చూ, వెనుక తెరా రెండూ కనిపించేలా వీడియో తీసి, స్విచ్ కదిలిన ఫ్రేము నుంచి దృశ్యం వెలిగిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైన కాస్త. ఇప్పుడున్న కార్డుతో ఒకసారి, కార్డు తీసేసి ఒకసారి, కెమెరాలోనే ఫార్మాట్ చేసి ఒకసారి. ఆ తర్వాతే ఫర్మ్‌వేర్. రెండూ ఒకేసారి మారిస్తే పుణ్యం ఎవరిదో ఎప్పటికీ తేలదు.

పాతకటకం:

భయం గురించి నేను చెబుతాను, ఆ అర్హత నాకు ఉంది. ఒక కెమెరాను అప్‌డేట్ చేస్తూ చేతులారా చంపినవాణ్ణి.

బ్యాటరీ నిండుగానే ఉంది. అప్‌డేట్ మొదలై, తెర మీద గీత సగం దాకా నిండి, తెర ఉన్నట్టుండి ఆరిపోయింది. ఒక నిమిషం చూశాను. రెండు నిమిషాలు చూశాను. మూడో నిమిషంలో ఇక ఇది పోయిందనుకుని బ్యాటరీ మూత తెరిచాను. నిజానికి అది పోలేదు, తెరకు సంబంధించిన భాగాన్ని రాసుకుంటోంది. నేను మూత తెరిచాక పోయింది. సర్వీసు కేంద్రంలో లోపలి బోర్డు మార్చారు. అక్కడి మనిషి నన్నేమీ అనలేదు గానీ, మూత తెరిచారా అని అడిగిన తీరు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి బ్యాటరీ నిండుగా ఉంచండి, కార్డు కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, ఫైలును ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా కార్డులో బయటే పెట్టండి, మొదలయ్యాక చేతులు కట్టుకుని కూర్చోండి. ఒకవేళ కెమెరా ‘ఫైలు లేదు’ అంటే ఫైలు పేరు చూడండి. ఒకే ఫైలును రెండుసార్లు దించుకుంటే కంప్యూటర్ రెండోదాని పేరు చివర బ్రాకెట్లో ఒకటి అంకె తగిలిస్తుంది. ఆ పేరును కెమెరా గుర్తుపట్టదు. నేను ఒక సాయంత్రమంతా దీనికే ధారపోశాను.

మెనూలో మీరు చేసుకున్న మార్పులన్నీ ముందే ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి, కొన్ని కెమెరాలు అప్‌డేట్ తర్వాత అన్నీ మొదటికి తెచ్చేస్తాయి. లెన్స్‌కు కూడా వేరే ఫర్మ్‌వేర్ ఉండొచ్చు, దాన్నీ చూడండి. నచ్చకపోతే పాత వెర్షన్‌కు వెళ్లవచ్చులే అనుకోకండి, చాలా కెమెరాలు వెనక్కి వెళ్లనివ్వవు.

లకుముకి:

మూడు రోజుల తర్వాత వస్తున్నాను, లెక్కలతో. ప్రతిదీ ఐదుసార్లు తీసి సగటు చూశాను. ఫ్రేములు లెక్కపెట్టి కళ్లు కాయలు కాశాయి.

నిదానం గారూ, కార్డు 32 జీబీదే. నాలుగేళ్లుగా ఒక్కసారి కూడా ఫార్మాట్ చేయలేదు. ఫొటోలు కంప్యూటర్‌లోకి తీసుకుని, అక్కడి నుంచే కొన్ని తొలగిస్తూ, కొన్ని ఉంచేస్తూ వచ్చాను. అందులో ఇప్పటికీ 2,700 ఫైళ్లు ఉన్నాయి. దానితో 744 ఫ్రేములు, అంటే 3.1 సెకన్లు. కార్డు తీసేస్తే 1.9. అదే కార్డును కెమెరాలో ఫార్మాట్ చేసి పెడితే 2.0. ఫర్మ్‌వేర్ జోలికి వెళ్లకముందే సెకనుకు పైగా తగ్గింది. ఇన్నాళ్లూ తయారీ సంస్థను తిట్టుకున్నదాన్ని, తప్పులో పెద్ద వాటా నాదేనని తేలింది.

తర్వాత అప్‌డేట్. పాతకటకం గారు చెప్పినట్టే తెర మధ్యలో ఆరింది. మీ కథ చదవకపోయి ఉంటే నేనూ మూత తెరిచేదాన్నే. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అయిపోయాక మొదటిసారి ఆన్ చేస్తే 3.6 సెకన్లు! గుండె జారిపోయింది. రెండోసారి 1.4. ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా 1.4 దగ్గరే ఉంది. బ్యాటరీ తీసి పెట్టినప్పుడు మాత్రం మొదటిసారి 2.6 దాకా పోతోంది. ఇది మామూలేనా?

ఇంకొకటి, నా పాత జూమ్ లెన్స్ తగిలిస్తే అప్‌డేట్‌కు ముందూ తర్వాతా కూడా మరో 0.4 సెకన్లు అదనంగా పడుతోంది. దానికి కొత్త ఫర్మ్‌వేర్ ఏదీ రాలేదు.

నిదానం:

మామూలే. చాలా కెమెరాలు స్విచ్ ఆపినా పూర్తిగా నిద్రపోవు, ఎక్కడ ఆగామో కొంత గుర్తుపెట్టుకుని కునుకు తీస్తాయి. బ్యాటరీ తీస్తే ఆ గుర్తు పోతుంది, అన్నీ మొదటి నుంచి చూసుకుంటాయి. అప్‌డేట్ అయ్యాక మొదటిసారి ఆలస్యమైంది కూడా దాదాపు అందుకే. కొత్తగా వచ్చినదాన్ని సర్దుకోవాలి కదా. ఆ మొదటిసారి చూసి ‘అప్‌డేట్‌తో ఇంకా నెమ్మదించింది’ అని కోపంగా రాసేవాళ్లు ప్రతిచోటా కనిపిస్తారు.

పాత లెన్స్‌ను వదిలేయండి. అందులో ఆలస్యం మోటారుది.

పిట్టల కోసం ఇంకో మాట. కూర్చున్న చోట స్విచ్ ఆపకండి. దానంతట అది నిద్రలోకి వెళ్లనివ్వండి, పిట్ట రాగానే షటర్ బటన్‌ను సగం నొక్కి లేపండి. అదెంతసేపు పడుతుందో కూడా ఆ 240 ఫ్రేములతో చూడండి. బ్యాటరీ కొంచెం ఎక్కువ తాగుతుంది, ఇంకొకటి జేబులో ఉంచుకోండి.

లకుముకి:

చూశాను. 120 ఫ్రేములు, సరిగ్గా అర సెకను! ఇంత సులువైన దారిని ఆరేళ్లు ఎవరూ చెప్పలేదు.

ఈ ఉదయం అదే కొమ్మ దగ్గర కూర్చున్నాను. పిట్ట వచ్చింది, బటన్ సగం నొక్కాను, దృశ్యం వెంటనే వెలిగింది, పిట్ట ఇంకా ఉంది! ఫొటోలో పిట్ట కూడా ఉంది. కాకపోతే నీలిరంగు గీతలా ఉంది. ముక్కు ఎటువైపో నాకే తెలియడం లేదు.

నిదానం:

షటర్ వేగం ఎంత పెట్టారు?

లకుముకి:

1/125 సెకను.

నిదానం:

దీనికి ఫర్మ్‌వేర్ రాదండీ.