జోగ్‌లో నీళ్లు లేకపోతే తప్పు ఎవరిది?

చర్చకు పెట్టిన ప్రశ్న: మార్చి, ఏప్రిల్ నెలల్లో కర్ణాటకలోని జోగ్ జలపాతానికి వెళ్లిన మనవాళ్లు చాలామంది, నల్లబండ తప్ప నీళ్లు కనిపించలేదని నిట్టూరుస్తున్నారు. పేరు విని ఎక్కువ ఆశ పెట్టుకున్న యాత్రికులదా తప్పు?

మొదటి సమాధానం: ఆశ పెట్టుకోవడమే తప్పన్న మాటను నేను ఒప్పుకోను. శరావతి నది 253 మీటర్ల ఎత్తు నుంచి రాజా, రోరర్, రాకెట్, రాణి అనే నాలుగు పాయలుగా దూకుతున్న ఫొటో చూసి బయల్దేరినవారికి, అది వానాకాలపు ఫొటో అని ప్యాకేజీ అమ్మేవారు చెప్పరు. పైగా ఇది ఎండలు తెచ్చిన కొరత మాత్రమే కాదు. ఎగువన 1964లో కట్టిన లింగనమక్కి ఆనకట్ట నదిని నిలబెట్టి, ఆ నీటిని 1,035 మెగావాట్ల శరావతి విద్యుత్ కేంద్రానికి మళ్లిస్తుంది కాబట్టి, మనం చూడబోయిన నీళ్లు మన కంట పడకుండానే గొట్టాల్లోంచి టర్బైన్ల మీదికి పోతున్నాయి. కరెంటు అక్కర్లేదని ఎవరూ అనరు. అయితే ఆ ముక్క ముందే చెప్పకుండా డబ్బు కట్టించుకోవడం న్యాయం కాదు.

రెండో సమాధానం: మీరు చెప్పిన కారణం నిజమే కానీ, నిండు శ్రావణంలో వెళ్లినవారు కూడా పెదవి విరుస్తున్నారు, దానికేమంటారు? అప్పుడు నీళ్లుంటాయి, మంచు కమ్మి లోయంతా తెల్లగా మూసుకుపోతుంది. గాలి తిరిగి ఆ తెర తొలగేదాకా కటకటాల దగ్గర నిలబడే ఓపిక ఉన్నవారికే నాలుగు పాయలూ దక్కుతాయి. మురుడేశ్వరం, గోకర్ణం, జోగ్ అన్నీ ఒకే విడతలో చుట్టేయాలనుకునేవారికి ఆ తీరిక ఎక్కడిది? మాచర్ల దగ్గరి ఎత్తిపోతల జలపాతం ఎత్తు సుమారు 70 అడుగులు, అంటే జోగ్‌లో పన్నెండో వంతు; అయినా అక్కడినుంచి ఎవరూ అలిగి రారు, ఎందుకంటే ప్రపంచ వింత చూడబోతున్నామని ఎవరూ అనుకోరు.

మొదటి వ్యక్తి తిరిగి: ఎత్తిపోతల ఉదాహరణ నా వాదననే బలపరుస్తోందండీ. అక్కడ సాగర్ నీటిని వదిలి ధారను నిలుపుతారు కాబట్టి వేసవిలోనూ చూసినవారికి చూసినంత దక్కుతుంది. మంచు విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను, వాతావరణానికి ఎవరూ పూచీపడలేరు. ఆనకట్ట గేట్లకు, ప్రకటనల్లో వేసే ఫొటోకు మాత్రం పూచీపడేవారు ఉన్నారు. ఆ ఫొటో కింద నెల పేరు వేయమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.