వార్డు మెంబర్‌గా ఓడిపోయిన. ఓడినోళ్లు తర్వాత ఏం చేసిన్రో చెప్పున్రి

స్టూలు గుర్తు:
మాది జనగామ దిక్కు చిన్న ఊరు. మొన్న 2025 డిసెంబర్ 14న, పంచాయతీ ఎలచ్చన్ల రెండో విడతల వార్డు మెంబర్‌గా నిలబడ్డ. మా వార్డుల 212 ఓట్లు, 178 పోలైనయి. గెలిచినాయనకు 80, రెండో ఆయనకు 59, నాకు 29. నోటాకు 3, చెల్లనివి 7. కాయితం చూడకుండనే చెప్తున్న. అప్పటిసంది నిద్రల గూడ ఇదే లెక్క.

గుర్తులు పేర్ల అక్షరాల వరసల ఇస్తరు గదా. వరసల మొదటాయనకు గౌను, గెలిచినాయనకు గ్యాస్ పొయ్యి, నాకు స్టూలు వచ్చినయి. గౌను వచ్చినాయనకు అరవై ఏండ్లు దాటినయి, ధోతి కడ్తడు. ఊరంత నవ్విన్రు, నేను గూడ నవ్విన. గాయనకే 59 వచ్చినయి.

నేను పైసలు పంచలే, సీసాలు ఇయ్యలే. గొప్పకు చెప్తలేను, నా కాడ లేవు గూడ. నాది జిరాక్స్ షాపు. నేను చేసిందల్ల 54 ఇండ్లు తిరుగుడే. ప్రతి ఇంట్ల కూసొని "మీ గడప ముందట ఏం తక్లీబ్ ఉన్నది" అని అడిగి నోట్‌బుక్కుల రాసుకున్న. అంగన్‌వాడీ ముందట మోరీ నిండి పిల్లలు దుంకుకుంట పోతున్నరు. ఎల్లమ్మ గుడికాడ స్తంభానికి బల్బు లేదు. రెండిండ్లకు భగీరథ నల్లా ఉన్నది గని నీళ్లు ఎక్కయి. ఒక ముసలవ్వకు వేలిముద్ర పడక పింఛన్ ఆగింది. గిట్ల 32 పేజీలు నిండినయి.

ఒంటిగంటకు పోలింగ్ అయిపోయింది, రెండింటికి లెక్క సురువు. బడిల ఐదో తరగతి గది. సర్పంచ్ చీటీలు గులాబీ రంగు, మావి తెల్లవి. ఇరవై అయిదుకు ఒక కట్ట కడ్తరు. నావి ఒక్క కట్ట, మీద నాలుగు చీటీలు. లెక్కవెట్టే మేడం వాటికి రబ్బరు బ్యాండు ఏసి బల్ల కొసకు జరిపిన తీరు ఇంకా కండ్లల్లనే ఉన్నది.

"నీకే అన్నా" అన్నోళ్లు 43 మంది. ఇప్పుడు దుకాణానికి ఎవలొచ్చినా "ఈయన ఏసిండా, ఎయ్యలేదా" అనుకుంటనే ఆధార్ కార్డు మిషిన్ మీద పెడ్తున్న. గది తప్పని తెలుసు. మా ఆమె ఆ నోట్‌బుక్కును పాత పేపర్లల్ల ఏసి అమ్మమంటున్నది. ఏద్దునా? మీరైతే ఏం చేసిన్రు?

బల్ల వెనక మాస్టారు:
తమ్ముడూ, ఓదార్పు తర్వాత, ముందు కాగితాల పని. ఖర్చుల లెక్క మండల పరిషత్ ఆఫీసులో ఇచ్చావా? ఓడినవాళ్లు కూడా ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు ఇవ్వాల్సిందే. "ఓడిపోయాం, ఇంకేం లెక్క" అని ఊరుకుంటే మూడేళ్లు పోటీకి పనికిరాకుండా పోతారు. అయిదు వేల జనాభాలోపు ఊళ్లో వార్డు మెంబరుకు పరిమితి 30 వేలు. నీది దాంట్లో పదో వంతు కూడా ఉండదనుకుంటా, అయినా టీ బిల్లులతో సహా రాసివ్వు.

రెండోది. నోటా, చెల్లనివి తీసేస్తే నీ వార్డులో చెల్లిన ఓట్లు 168. అందులో ఆరో వంతు 28. డిపాజిట్ దక్కాలంటే అది దాటాలి. నీకొచ్చినవి 29. నీకంటూ ఒక ఓటు తేడా ఉంది సుమా! వెళ్లి డిపాజిట్ వెనక్కి తెచ్చుకో.

నేను ఉద్యోగంలో ఉండగా చాలా ఎన్నికల్లో ఆ బల్ల వెనక కూర్చున్నాను. చెల్లని ఓట్ల గురించి ఒక మాట. రెండు గళ్ల మధ్య గీత మీద ముద్ర పడినవి, స్వస్తిక్ ముద్ర వదిలేసి వేలిముద్ర వేసినవి ప్రతిసారీ ఉంటాయి. ఒకసారి ఒక పెద్దావిడ బయటికొచ్చి నాతోనే చెప్పింది, "ముగ్గురూ మా ఇంటికొచ్చి అడిగిన్రు సారూ, ముగ్గురికీ గుద్దిన" అని. ఏం చెప్పను ఆవిడకి? అభ్యర్థులు గుమ్మం గుమ్మం తిరుగుతారు గానీ, ముద్ర ఎక్కడ వేయాలో, చీటీ ఎలా మడవాలో నమూనా చీటీతో చూపించేవాళ్లు తక్కువ. నీ వార్డులో ఏడు పోయాయి కదా.

లంక గట్టు:
నమస్తే అండి. మాది కోనసీమ. 2021 ఫిబ్రవరిలో మా పంచాయతీ మహిళకి వచ్చింది, నన్ను సర్పంచికి నిలబెట్టారు. నిలబెట్టారనే అంటాను, నిలబడ్డాననను. పోస్టరు మీద మా ఆయన ఫొటో నా ఫొటో కన్నా పెద్దది. 112 ఓట్ల తేడాతో పోయింది.

మేం డబ్బులిచ్చామండి, దాచుకోవడం ఎందుకు. ఓడిపోయిన మూడో రోజు మా మరిది, వాడి స్నేహితులు కొన్ని ఇళ్లకి వెళ్లి "మాకు వెయ్యలేదు కదా, తిరిగిచ్చెయ్యండి" అని అడిగారు. ఒకావిడ పోపుల డబ్బాలోంచి తీసి ఇచ్చేసిందట. ఆ నోట్లు మా ఇంటికొచ్చేసరికి నాలుగు మడతలు మడతలుగానే ఉన్నాయి, పసుపు కూడా అంటుకుంది. ఆవిడ మా వెనక వీధే. మర్నాడు పట్టుకెళ్లి ఇవ్వబోతే తీసుకోలేదు. ఆర్నెల్లు నా మొహం చూడలేదు. ఓడిపోయినందుకు కాదండి, నాకు దీనికి సిగ్గేసింది.

తర్వాత ఏం చేశానంటారా? చాలాకాలం ఏమీ చెయ్యలేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు, గుర్తుండే ఉంటుంది. ఆ రోజు మా డ్వాక్రా సంఘం వాళ్లతో వెళ్లాను. ఆడవాళ్లందరం వెనక కుర్చీల్లో కూర్చున్నాం. ఉపాధి హామీలో ఏం పనులు పెట్టాలో చదువుతున్నారు. లేచి మైకు ఇమ్మన్నాను. మా ఇళ్ల వెనక శ్మశానం దారిలో వానాకాలం మోకాలి దాకా బురద. పాడె మోసేవాళ్లు జారిపోతున్నారు, అది రాసుకోండి అన్నాను. అంతే, రెండు నిమిషాలు. ప్రచారం జరిగినన్నాళ్లూ ఒక్కసారి కూడా మైకు నా చేతికి రాలేదండి. జాబితాలో పని ఎక్కింది. సగం దారి పడింది, మిగతా సగానికి మళ్లీ అడుగుతున్నాను. పసుపు నోట్లావిడ ఇప్పుడు సభకి నా పక్కనే కూర్చుంటోంది.

నోట్‌బుక్కు అమ్మకండి బాబూ.

అంతా డబ్బే:
కథలు బాగున్నాయి. మా పక్కూళ్లో సర్పంచ్ పదవిని వేలం పాడారు. ఎక్కువ పాడినాయన గుడికి ఇస్తానన్నాడు, మిగతావాళ్లు నామినేషన్ వేయలేదు, ఏకగ్రీవం అన్నారు, డప్పులు కొట్టారు. పోలింగే లేనిచోట ఎవడు ఓడిపోతాడు? 29 ఓట్లు వచ్చినాయన నోట్‌బుక్కు పట్టుకుని తిరిగితే మోరీ కదులుతుందా? ఎవడి పని వాడు చూసుకోవడం నయం.

పెన్న ఇసుక:
నేను ఓడిపోలేదన్నా. నన్ను ఓడిపోనీలేదు.

నామినేషన్ ఏసినాను. ఉపసంహరణకి ముందురోజు రాత్రి తొమ్మిదింటికి మా మామ వచ్చినాడు. కేకలెయ్యలేదు, బెదిరించలేదు. మంచం మీద కూర్చుని నీళ్లడిగినాడు. తాగి, "నీ చెల్లెలి పెండ్లి ఆ ఇంటికే గదా ఇయ్యాలనుకున్యాము" అన్యాడు. తెల్లారి పోయి సంతకం పెట్టి వచ్చినాను.

29 వచ్చిన అన్నకి చెప్తాండా, నీకి నీ ఊర్లో ఎంతమంది ఉండారో లెక్క తెల్సింది. నాకి అదీ తెలీదు.

మూడో అంతస్తు:
పట్నం కథ కూడా వినండి. 2020 డిసెంబర్ 1న జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో స్వతంత్రుడిగా పోటీ చేశాను. 150 డివిజన్లలో మాదొకటి. నగరం మొత్తం మీద పోలింగ్ 46 శాతం చిల్లర. నా డిపాజిట్ గల్లంతు.

మా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులో నా పోస్టుకి 86 బొటనవేళ్లు వచ్చాయి. ఆ 86 నమ్మి గాల్లో తేలాను. పోలింగ్ రోజు మధ్యాహ్నం గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే వాళ్లని అడిగితే అసలు సంగతి తెలిసింది. ఒకాయన ఓటు గుంటూరులో ఉంది, ఒకావిడది కరీంనగర్‌లో, ఇంకొకాయనకి పదకొండేళ్లుగా ఎక్కడా లేదు. పోలింగుకి ముందు మూడు వారాలు నేను రోడ్ల గుంతల మీద ఉపన్యాసాలిచ్చాను, ఒక్కరినైనా "మీ ఓటు ఎక్కడుంది" అని అడగలేదు.

ఆ తర్వాత నేను చేసింది ఒక మడతబల్ల కొనడం. అప్పుడప్పుడు ఆదివారం పొద్దున్న గేటు పక్కన వేసుకుని కూర్చుంటాను. కొత్తవాళ్లకి ఫారం 6, ఇల్లు మారినవాళ్లకి ఫారం 8. ఇప్పుడు 18 నిండిన పిల్లలు జనవరి దాకా ఆగక్కర్లేదు, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 కూడా అర్హత తేదీలే. కొందరు తల్లిదండ్రులకి ఇది తెలియనే తెలియదు. ఊళ్లవాళ్లకీ ఇది పనికొస్తుంది, పంచాయతీ జాబితా తయారయ్యేది అసెంబ్లీ జాబితాలోంచే. అందులో పేరు లేకపోతే వార్డు జాబితాలో ఉండదు.

నేను మళ్లీ పోటీ చేస్తానా అంటే, మా ఆవిడ ఈ చర్చ చదువుతోంది కాబట్టి చెప్పను.

గల్ఫ్ బాట:
నేను ఇరవై రెండేండ్ల సంది దుబాయిల ఉన్న. మా ఊరి ఎలచ్చన్ల మా తమ్మునికి హైదరాబాద్ నుంచి వచ్చి పోనీకి చార్జీలు ఇచ్చిన్రట, ఇద్దరు అభ్యర్థులు ఇచ్చిన్రట. నాకు ఫోన్ జేసి "మీ ఇంట్ల నాలుగు ఓట్లు మాకే చెప్పన్నా" అన్నరు. ఓట్లు అడగనీకి దుబాయికి ఫోన్ జేసినోళ్లు, మా నాయనకు పింఛన్ ఆగినప్పుడు పక్కింట్ల ఉండి గూడ రాలే. స్టూలన్నా, నీ నోట్‌బుక్కుల ఉన్న ముసలవ్వ పని ముందు చూడు. కొడుకు దేశంల లేకుంటే ఆ బాధేందో మాకే ఎరుక.

వీధి దీపం:
"అంతా డబ్బే" గారికి. నేను సర్పంచ్‌గా పోటీ చేసి మూడో స్థానంలో వచ్చాను, కాబట్టి డబ్బు గురించి మీకంటే నాకే ఎక్కువ తెలుసు. కానీ పంచాయతీకి వచ్చే డబ్బు గురించి కూడా కొంచెం మాట్లాడుకుందాం.

ఈ-గ్రామ్ స్వరాజ్ అని కేంద్రం వెబ్‌సైట్ ఉంది. రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే ఆ ఏడాది ప్రణాళికలో ఏ పనులు రాశారో, దేనికెంత చెల్లించారో కనిపిస్తుంది. ఫోన్లోనే చూడొచ్చు. 2026 మార్చి దాకా కేంద్రం పంచాయతీలకిచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి అని నియమం. అంటే మోరీ పనికి "నిధుల్లేవు" అని ఎవరైనా అంటే, ఏ పద్దులో లేవో అడగొచ్చు.

నేను మా ఊరి వీధి లైట్ల చెల్లింపు పేజీ ప్రింటు తీసి, సమాచార హక్కు కింద బిల్లుల నకళ్లు అడిగాను. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకి దరఖాస్తు రుసుం లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. మొదట కార్యదర్శి తీసుకోనన్నారు. రిజిస్టర్ పోస్టులో పంపాను. జవాబు ఆలస్యంగా వచ్చింది, అరకొరగా వచ్చింది. అది పట్టుకుని గ్రామసభలో లేచి "ఈ లైట్లు ఏ స్తంభాలకి ఉన్నాయో పోయి చూద్దాం రండి" అన్నాను. ఎవరూ రాలేదు. కానీ పది రోజుల్లో మా వీధిలో మూడు లైట్లు వెలిగాయి.

దానికి ధర కూడా కట్టాను, అది దాచను. మా ఇంటికొచ్చే పాలాయన మానేశాడు, వాళ్ల బావ పంచాయతీ పాలకవర్గంలో ఉన్నాడు. ఇప్పుడు ప్యాకెట్ పాలు తాగుతున్నాం.

అంతా డబ్బే:
మూడు లైట్లకి ఒక పాలాయన. గిట్టుబాటేనా?

వీధి దీపం:
మా అమ్మని అడిగితే కాదంటుంది. రాత్రి ట్యూషన్ నుంచి వచ్చే మా పక్కింటి అమ్మాయిని అడిగితే ఔనంటుంది.

బల్ల వెనక మాస్టారు:
తెలంగాణ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారైనా జరగాలి. 2018 చట్టంలోనే ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి మొన్నటిదాకా ప్రత్యేకాధికారుల పాలన, సభలకి జనం రావడం మానేశారు. ఇప్పుడు కొత్త పాలకవర్గం, కొత్త ఊపు. అందరూ ఉత్సాహంగా ఉన్న ఈ మొదటి నాలుగైదు సభల్లోనే పనులు రాయించుకోవాలి తమ్ముడూ. ఆ తర్వాత కుర్చీలు కూడా వేయరు.

స్టూలు గుర్తు:
అందరికీ దండాలు. ఖర్చుల లెక్క ఇచ్చిన మాస్టారూ, గడువుకు నాలుగు రోజుల ముందట. డిపాజిట్‌కు దరఖాస్తు పెట్టిన. ముసలవ్వను బండి మీద మండలానికి తోల్కపోయిన, వేళ్లు అరిగి ముద్ర పడతలేదట. ఇంకో దారి చూస్తమన్నరు, వచ్చే వారం మల్ల పోవాలె.

నిన్న గ్రామసభ. పోవాల్నా వద్దా అని పొద్దుగాల్నుంచి ఆగమైన. పోయిన. ఆఖరి వరసల కూసున్న. మోరీ సంగతి ఎవలూ ఎత్తలే. ఇగ లేచి నోట్‌బుక్కు తీసి చదివిన. మూడో పేజీకి వచ్చేసరికి "ఓడినోడు గింతసేపు చదువుతడా" అని ఎనుకనుంచి ఒకడు అన్నడు. నవ్విన్రు. గౌను గుర్తు పెద్దాయన లేచి "వాడు మా ఇంటికి గూడ వచ్చి రాసుకపోయిండు, చదవనీయున్రి" అన్నడు. ఇగ ఎవ్వలు మాట్లాడలే. మోరీ, బల్బు రెండూ తీర్మానం బుక్కుల ఎక్కినయి. నీళ్ల సంగతి మిషన్ భగీరథ ఏఈకి రాస్తమన్నరు.

పొద్దుమూకి గ్యాస్ పొయ్యి ఆయన, గదే మా వార్డు మెంబరు, దుకాణం కాడికి వచ్చిండు. కొద్దిసేపు నిలబడి, "ఆ నోట్‌బుక్కు ఇస్తవా, నాకు పనికొస్తది" అన్నడు. నాకు ఒక నిమిషం ఏం సమజ్ కాలే. నెల రోజులు తిరిగి నేను రాసుకున్నది.

ఒరిజినల్ నా కాడనే పెట్టుకున్న. జిరాక్స్ తీసిచ్చిన.

లంక గట్టు:
డబ్బులు తీసుకున్నారా?

స్టూలు గుర్తు:
32 పేజీలక్కా. తీస్కున్న.