రాత్రంతా పక్కన పెట్టినా ఛార్జింగ్ 24 శాతం దిగుతోంది, ఏ యాప్‌ను ఆపాల?

చీనీతోట (ఉరవకొండ, అనంతపురం జిల్లా):

ఫోను 5000 ఎంఏహెచ్, ఆండ్రాయిడ్ 14, రెండు సిమ్ములు, కొని ఏడాదిన్నర. రాత్రి పదికి 100 ఉంటే పొద్దున ఆరుకు 76 చూపిస్తోంది. మధ్యలో స్క్రీన్ వెయ్యడం లేదు, పాటలు లేవు. పడుకునే ముందు రీసెంట్స్‌లో (ఇటీవల తెరిచిన యాప్స్ జాబితా) ఉన్నవన్నీ తుడిచేస్తున్నా. ర్యామ్ క్లీనర్ యాప్ కూడా వేసినా. అయినా ఇదే వరస.

ఇంకొకటి. బోరు మోటరుకు మొబైల్ స్టార్టరు (ఫోనుతో మోటరు నడిపే డబ్బా) బిగించినాం. త్రీఫేజు కరెంటు వచ్చినా, నీళ్లు లేక మోటరు ఆగినా దాని యాప్‌లో అలర్టు రావాల. యాప్ తెరిస్తే తప్ప రావడం లేదు. అక్కర్లేనివి బ్యాటరీ తింటాండాయి, కావాల్సిందేమో పని చెయ్యడం లేదు. బ్యాటరీ లిస్టులో గూగుల్ ప్లే సర్వీసెస్ 31 శాతం అని అన్నిటికన్నా పైన ఉంది. దాన్ని ఆపేయొచ్చా? దేన్ని ఆపాల, దేన్ని వదలాల, కొంచెం వివరంగా చెప్పండన్నా.

పెన్నేటి_ఆండ్రాయిడ్:

తమ్ముడూ, మొదట ఆ క్లీనర్‌ను తీసెయ్. ర్యామ్‌లో ఊరికే పడున్న యాప్ వల్ల బ్యాటరీ పోదు. ర్యామ్ నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా దానికి పట్టే కరెంటు దాదాపు ఒకటే. బ్యాటరీ పొయ్యేది ప్రాసెసర్‌ను నిద్ర లేపే పనులకు: లొకేషన్ అడగడం, సర్వర్‌తో మాట్లాడటం, ఫొటోలు ఎక్కించడం. క్లీనర్ ఒక యాప్‌ను చంపితే అది కాసేపటికి మళ్లీ లేస్తుంది, మొదటినుంచి లోడ్ అవుతుంది, క్లీనర్ మళ్లీ చంపుతుంది. ఈ లేవడంలోనే ఖర్చంతా. క్లీనర్ కూడా రాత్రంతా మేలుకొని ఉండే యాపే కదా.

రీసెంట్స్ తుడవడం వల్ల మామూలు ఆండ్రాయిడ్‌లో పెద్ద నష్టం లేదు, లాభమూ లేదు. అయితే మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే చాలా ఫోన్లలో కంపెనీలు తమ సొంత కట్టుబాట్లు పెట్టినాయి. వాటిలో తుడిస్తే యాప్‌తోపాటు దాని బ్యాక్‌గ్రౌండ్ సర్వీసు కూడా ఆగిపోతుంది. నీ స్టార్టరు అలర్టు రాకపోవడానికి నా మొదటి అనుమానం ఇదే.

ఇక ఆ 31 శాతం. చాలా ఫోన్లలో ఆ అంకె మొత్తం బ్యాటరీలో వాటా కాదు, ఖర్చయిన దాంట్లో వాటా. 24 శాతం దిగితే అందులో 31 శాతం అంటే బ్యాటరీలో ఏడున్నర శాతం. దాన్ని మాత్రం ఆపొద్దు. మిగతా యాప్స్‌కు నోటిఫికేషన్లు, లొకేషన్, సింక్ అన్నీ దాని ద్వారానే అందుతాయి. వేరేవాళ్లు చేయించుకున్న పని లెక్క దాని పేరు మీద పడుతుంది. చేయించుకుంటున్నది ఎవరో చూడాలంటే సెట్టింగ్స్‌లో లొకేషన్ తెరువు, ఇటీవల లొకేషన్ వాడిన యాప్స్ వరసగా కనిపిస్తాయి. షాపింగ్, వాతావరణం, వీడియో యాప్స్‌కు ‘ఎల్లప్పుడూ’ అని ఉంటే ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’కు మార్చు. అక్కడే లొకేషన్ సర్వీసెస్‌లో వైఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ ఉంటాయి. రెండూ ఆపు. వైఫై ఆపేసినా ఈ స్కానింగ్ నడుస్తూనే ఉంటుంది, చాలామందికి తెలియదు.

తర్వాత బ్యాటరీ లిస్టులో ఒక్కొక్క యాప్ మీద నొక్కు. స్క్రీన్ మీద ఎంతసేపు, బ్యాక్‌గ్రౌండ్‌లో ఎంతసేపు అని రెండు లెక్కలు వస్తాయి. పది నిమిషాలు వాడిన యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో మూడు, నాలుగు గంటలు ఉంటే అదే దొంగ. సెట్టింగ్స్ → యాప్స్ → ఆ యాప్ → బ్యాటరీలోకి పో. మూడు రకాలుంటాయి:

అన్‌రిస్ట్రిక్టెడ్ అంటే ఫోను నిద్రలో ఉన్నా దానికి అడ్డు లేదు. నీ స్టార్టరు యాప్‌కు ఇదే పెట్టు. ఇట్లాంటి యాప్స్ కొన్ని తమ సర్వర్‌తో సొంతంగా కనెక్షన్ పట్టుకొని ఉంటాయి, దాన్ని ఫోను తెంపితే అలర్టు రాదు.

ఆప్టిమైజ్డ్ అంటే నిర్ణయం ఫోనుకే వదిలెయ్యడం. వాట్సాప్, యూపీఐ, బ్యాంకు యాప్స్‌కు ఇది చాలు. మెసేజీలు గూగుల్ ఉమ్మడి కనెక్షన్ మీద వస్తాయి కాబట్టి ఆలస్యం కావు.

రిస్ట్రిక్టెడ్ అంటే బ్యాక్‌గ్రౌండ్‌లో దాదాపు ఏమీ చెయ్యనివ్వదు. షాపింగ్, గేములు, లోన్ యాప్స్, చిన్న వీడియోలవి అన్నీ ఇందులో పడెయ్.

ఫోర్స్ స్టాప్ వేరే సంగతి. అది చేస్తే నువ్వు మళ్లీ తెరిచేదాకా ఆ యాప్‌కు నోటిఫికేషన్ కూడా రాదు. స్టార్టరు యాప్ మీద ఎప్పుడూ వాడొద్దు.

కంపెనీని బట్టి ఇంకో తాళం ఉంటుంది. రెడ్‌మీ, పోకోలో యాప్ సమాచారంలో బ్యాటరీ సేవర్‌ను ‘నో రిస్ట్రిక్షన్స్’ చేసి, ఆటోస్టార్ట్ (యాప్ తనంతట తాను లేవడం) కూడా ఆన్ చెయ్యాల. రెండింట్లో ఒకటి మరిస్తే అలర్టు రాదు. రియల్‌మీ, ఒప్పోలో ‘బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ’, ‘ఆటో లాంచ్’ రెండూ ఆన్ ఉండాల. వివోలో బ్యాటరీ కింద బ్యాక్‌గ్రౌండ్ వాడకం జాబితా వేరుగా ఉంటుంది. శాంసంగ్‌లో ‘డీప్ స్లీపింగ్’ జాబితాలో పడిందేమో చూసి, అందులోంచి తీసి ‘నెవర్ స్లీపింగ్’లో చేర్చు. రీసెంట్స్‌లో యాప్ కార్డును నొక్కిపట్టి తాళం గుర్తు పెడితే, అన్నీ తుడిచినా అది పోదు.

బురుజు_కర్నూలు:

పైన అన్న చెప్పినవన్నీ సరైనవే. కానీ 24 శాతం యాప్స్ ఒక్కటే తిన్నాయని నాకు నమ్మకం లేదు. లెక్క చూడండి. 5000లో 24 శాతం 1200 ఎంఏహెచ్. 8 గంటలకు పంచితే సగటున 150 మిల్లీఆంపులు. బాగున్న ఫోను కదలకుండా పడుంటే 8 గంటల్లో 3 నుంచి 5 శాతం దిగుతుంది, అంటే 20 నుంచి 30 మిల్లీఆంపులు. మిగతా 120 ఎక్కడికి పోతోందో కనుక్కోకుండా సెట్టింగులు మారిస్తే చీకట్లో బాణం వేసినట్టే.

మూడు రాత్రుల పరీక్ష చెయ్యండి. ప్రతి రాత్రీ ఫోనును ఒకే చోట పెట్టాలి, దాదాపు ఒకే శాతం నుంచి మొదలుపెట్టాలి, పడుకునే ముందు ఒకసారి రీస్టార్ట్ చెయ్యాలి.

మొదటి రాత్రి ఫ్లైట్ మోడ్, వైఫై కూడా ఆఫ్. ఇట్లా పెట్టినా పది శాతం దిగితే తప్పు నెట్‌వర్క్‌ది కాదు. ఫోను లోపలే ఏదో యాప్ ప్రాసెసర్‌ను మేల్కొలుపుతోంది, లేదా బ్యాటరీలోనో బోర్డులోనో లోపం ఉంది.

రెండో రాత్రి సిమ్ములు ఆన్, మొబైల్ డేటా ఆఫ్. మొదటి రాత్రి కంటే ఎంత పెరిగితే అంత సిగ్నల్ ఖర్చు.

మూడో రాత్రి డేటా ఆన్. ఇక్కడ పెరిగింది యాప్స్, సింక్ ఖర్చు.

అంకెలు ఇక్కడ రాయండి. అప్పుడు మాట్లాడుకుందాం.

చీనీతోట:

అన్నా, క్లీనర్ తీసేసినా. స్టార్టరు యాప్‌కు అన్‌రిస్ట్రిక్టెడ్, ఆటోస్టార్ట్ రెండూ పెట్టినా. అలర్టు ఇప్పుడు వెంటనే వస్తాంది. పరీక్ష అంకెలు: ఫ్లైట్ మోడ్‌లో 3 శాతం దిగింది. డేటా ఆపి సిమ్ములు ఉంచితే 15. డేటా కూడా వేస్తే 22. పడుకునేది రాతిగోడల మిద్దె ఇంట్లో, ఫోను గూట్లో పెడతా. సిగ్నల్ ఒక గీతో, రెండు గీతలో ఉంటుంది.

బురుజు_కర్నూలు:

అంకెల్లోనే జవాబుంది. ఊరికే పడుంటే 3. సిమ్ములు వేయగానే ఇంకో 12. డేటా వేస్తే ఇంకో 7. అంటే సగానికి పైన సిగ్నల్ వెతుక్కోవడానికే పోతోంది. ఆ 7 కూడా పూర్తిగా యాప్స్ మీద వెయ్యలేం. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట అదే మెసేజీ పంపడానికి ఎక్కువ కరెంటు పడుతుంది.

ఎందుకంటే టవర్ సరిగా అందనప్పుడు ఫోను తన రేడియో శక్తి పెంచుకుంటుంది. 4జీ ఫోన్లలో మామూలుగా ఆ శక్తికి పైహద్దు 23 డీబీఎం, సుమారు 200 మిల్లీవాట్లు. టవర్ దగ్గరుంటే అందులో వెయ్యోవంతు కూడా అక్కర్లేదు. మందపాటి రాతిగోడ, పైన మట్టి మిద్దె అయితే సిగ్నల్ బాగా తగ్గుతుంది. గూట్లో పెడితే మూడు పక్కలా గోడే.

గీతలు చూడొద్దు, వాటిని ఒక్కో కంపెనీ ఒక్కోరకంగా గీస్తుంది. సెట్టింగ్స్ → ఫోన్ గురించి → స్టేటస్ → సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ స్ట్రెంగ్త్ చూడండి, లేదా డయలర్‌లో *#*#4636#*#* కొట్టండి. ఈ కోడ్ కొన్ని ఫోన్లలో పనిచెయ్యదు. అంకె డీబీఎంలలో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మేలు. 4జీలో మైనస్ 90 కంటే మెరుగైతే బాగున్నట్టు. మైనస్ 105 దాకా ఫర్వాలేదు. మైనస్ 115 దాటితే ఫోను కష్టపడుతోందని అర్థం. ప్రతి 3 డీబీకి సిగ్నల్ సగమవుతుంది కాబట్టి మైనస్ 108కీ మైనస్ 117కీ తేడా ఎనిమిది రెట్లు. రెండు సిమ్ములకూ విడివిడిగా చూసి, గూట్లోనూ కిటికీ దగ్గరా ఎంతెంత ఉందో చెప్పండి.

సెల్‌మెకానిక్_కడప:

ఫ్లైట్ మోడ్‌లో 3 శాతమే దిగింది కాబట్టి ఈ ఫోనులో బ్యాటరీకి, బోర్డుకు రోగం లేదు. ఇదే చర్చను వేరేవాళ్లు చదువుతారు కాబట్టి మిగతాది చెప్తా.

ఫ్లైట్ మోడ్‌లోనూ దిగుతుంటే ముందు సేఫ్ మోడ్‌లో ఒక రాత్రి ఉంచండి. చాలా ఫోన్లలో పవర్ మెనూలో ‘పవర్ ఆఫ్’ను నొక్కిపడితే వస్తుంది. సేఫ్ మోడ్‌లో మీరు వేసుకున్న యాప్స్ ఏవీ నడవవు. అప్పుడు తగ్గితే యాప్ తప్పు. తగ్గకపోతే ఫోను పూర్తిగా స్విచ్ఛాఫ్ చేసి రాత్రంతా ఉంచండి. ఆఫ్‌లోనూ నాలుగైదు శాతం పోతే లీకేజీ. మా టేబుల్ మీద బ్యాటరీ తీసి డీసీ పవర్ సప్లై పెట్టి 4 వోల్టులు ఇస్తాం. పవర్ బటన్ నొక్కకముందే మీటరు పది, ఇరవై మిల్లీఆంపులు చూపిస్తే బోర్డు మీద ఏదో కెపాసిటరో ఐసీనో షార్టయినట్టు. అట్లాంటి ఫోనుకు కొత్త బ్యాటరీ వేయించడం డబ్బు దండగ. వారానికే మళ్లీ వస్తారు. బ్యాటరీ మార్చమని అడిగే ముందు ఈ రీడింగ్ చూపించమని అడగండి, చూపించడానికి ఐదు నిమిషాలు చాలు.

ఎండ సంగతి. మన జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది. బండి హ్యాండిల్‌కు ఫోను తగిలించి మ్యాప్ వేసి, పైగా ఛార్జింగ్ పెడితే లోపల బ్యాటరీ 45 డిగ్రీలు దాటుతుంది. అక్కడికి ఫోనే ఛార్జింగ్ తగ్గిస్తుంది లేదా ఆపుతుంది. పోయిన కెపాసిటీ మాత్రం తిరిగి రాదు. నిండు ఛార్జింగూ వేడీ కలిస్తే లిథియం బ్యాటరీకి అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ మీ ఫోనులో ఉంటే ఎండాకాలమంతా వేసుకోండి. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, నొక్కి అతికించొద్దు. నేరుగా షాపుకు తేవాల.

మల్లెల_నంద్యాల:

అన్నా, రెండు చిన్న సందేహాలు. డార్క్ మోడ్ వేస్తే నిజంగా మిగులుతుందా? ఐఫోన్‌లో కూడా యాప్స్ పైకి తోసెయ్యకూడదా?

పెన్నేటి_ఆండ్రాయిడ్:

చెల్లీ, స్క్రీన్ అమోలెడ్ అయితే మిగులుతుంది, నలుపు ఉన్నచోట పిక్సెల్ వెలగదు. ఎల్‌సీడీ అయితే వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, తేడా ఉండదు. ఐఫోన్‌లో యాప్ బిగుసుకుపోతే తప్ప తోసెయ్యాల్సిన పని లేదని ఆపిల్ కంపెనీయే చెప్తుంది. సెట్టింగ్స్ → జనరల్ → బ్యాక్‌గ్రౌండ్ యాప్ రిఫ్రెష్‌లో అక్కర్లేనివి ఆపుకో, చాలు.

చీనీతోట:

ఒకటో సిమ్ గూట్లో మైనస్ 106, కిటికీ దగ్గర మైనస్ 96. రెండో సిమ్ గూట్లో మైనస్ 119, ఒక్కోసారి ‘నో సర్వీస్’. కిటికీ దగ్గర మైనస్ 112. రెండో సిమ్‌కు 5జీ ఆన్‌లో ఉంది. దాన్ని తీసేద్దామంటే స్టార్టరు నుంచి కాల్స్ ఆ నంబరుకే వస్తాయి.

బురుజు_కర్నూలు:

బ్యాటరీ తినేది ఆ రెండో సిమ్మే. సిగ్నల్ పోయిన ప్రతిసారీ బ్యాండ్లన్నీ (టవర్లు వాడే రేడియో తరంగాల శ్రేణులు) మళ్లీ మొదటినుంచి వెతుకుతుంది.

ముందు ఫోనును కిటికీ దగ్గరికి మార్చండి. రెండో సిమ్‌కు ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్‌లో 5జీ తీసి 4జీ ఆటో పెట్టండి. అంచున ఉన్న 5జీ పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం రాత్రంతా జరుగుతుంది. ఆ మెనూలో ‘ఎల్‌టీఈ ఓన్లీ’ (4జీ మాత్రమే) ఉంటే నొక్కొద్దు, ఆ సిమ్‌కు వోల్టీఈ (4జీ మీదే కాల్స్ నడవడం) సరిగా లేకపోతే కాల్స్ రావు. ‘3జీ’ అసలు వద్దు. జియో సిమ్ అయితే దానికి 2జీ, 3జీ ఏవీ లేవు, మొత్తం ఆగిపోతుంది. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చెయ్యండి, టవర్‌తో పని లేకుండా కాల్స్ వస్తాయి.

వాట్సాప్ చాట్ బ్యాకప్ రాత్రి రెండు గంటల ప్రాంతంలో నడుస్తుంది. దాన్ని వైఫై మీదే జరిగేట్టు పెట్టండి. ప్లే స్టోర్ ఆటో అప్‌డేట్ కూడా అంతే.

ఇక స్టార్టరు. దానిలో మాస్టర్ నంబరు (స్టార్టరు కాల్ చేసే నంబరు) మార్చుకోవచ్చు, ఎక్కువ కంపెనీలవి ఎస్సెమ్మెస్ కమాండ్‌తోనే మారతాయి. ఆ కమాండ్ డబ్బాతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మాస్టర్‌గా ఒకటో సిమ్ నంబరు ఎక్కించి, మోటరు ఒకసారి ఆపి వేసి కాల్ వచ్చిందో లేదో చూసుకున్నాకనే రెండో సిమ్‌ను సెట్టింగ్స్‌లో రాత్రిపూట ఆఫ్ చెయ్యండి. బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తుంటే పొద్దున లేవగానే ఆన్ చేసుకోండి. తర్వాత డేటా ఆన్‌లోనే ఉంచి ఇంకో రాత్రి చూసి అంకె పెట్టండి. నా లెక్క ప్రకారం 8 నుంచి 10 మధ్య రావాలి. దానికంటే ఎక్కువుంటే బ్యాటరీ లిస్టు స్క్రీన్‌షాట్ పెట్టండి, అప్పుడు ఒక్కొక్క యాప్ చూద్దాం.